ఉస్తాదును తెచ్చిన మనిషి

బనీన్లు తొమ్మిది ఉన్నాయి. గోపమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది.

వాకిలి ఊడ్వడానికి తలుపు తీసేసరికి మూట అరుగు మీద ఉంది. కబడ్డీ ఆడే ఏడుగురివి, పక్కన కూర్చునే ఇద్దరివి, ఉతికి మడతపెట్టి పాత పంచెలో కట్టారు. అడుగున ఉన్నది కొడుకు రాములుది. దాని రెండు పక్కల కుట్లు గోపమ్మే విప్పి వదులు చేసింది. శ్రావణంలో ఒకసారి, దసరాకు ఒకసారి. మూడు నెలల్లో పిల్లవాడు అంత లావెక్కాడు.

"పంచె మీ తమ్మునిది," అన్నది అత్త ఉప్పలమ్మ, గడపలో కూర్చుని. "అంచు చూస్తె తెలుస్తలేదా. కబడ్డీ ఇడిసిపెట్టిండు, పంచె గూడ ఇడిసిపెట్టిండు."

"పిల్లలు తెచ్చి పెట్టినట్టున్నరు అత్తా. వాడు మన గడప తొక్కడు కద."

"తొక్కనని ఒట్టు పెట్టుకున్నోడు పంచె ఎందుకు పంపిండు? నాకేం సమజైతలేదు."

గోపమ్మకు అర్థమైంది. ఎల్లుండి ఆదివారం భువనగిరిలో పోటీలు. రెండేళ్లుగా షీల్డు భర్త జానయ్య మిల్లు జట్టుదే, ఆలేరు స్టేషను దగ్గర మిల్లు ఆఫీసు గోడకు వేలాడుతున్నది. ఈసారి పిల్లలు మిల్లు పేరు మీద ఆడరు. ఆడితే పుట్టింటి ఊరు కొలనుపాక పేరు మీద, తమ్ముడు భిక్షం కింద ఆడతారు. ఒకసారి ఆ పేరు మీద బరిలోకి దిగితే ఇక ఆ పిల్లలూ రారు, తమ్ముడూ రాడు. కొడుకు వస్తాడో రాడో. ఐదు రోజులుగా మేనమామ ఇంట్లోనే తింటున్నాడు.

జానయ్య లోపలినుంచి చాయ గ్లాసుతో వచ్చాడు. మూట చూశాడు. చాయ తాగాడు.

"లోపల పెట్టు," అన్నాడు. "పగటాల్లకు వాళ్ళే వచ్చి అడుగుతరు."

"రారు."

"వస్తరు. ఆముదాల మిల్లు జానయ్య జట్టంటె నాలుగు తాలూకాలల్ల పేరున్నది. కొలనుపాక జట్టంటె ఎవడు చూస్తడు?"

"ఆడేది వాళ్ళు. పేరేం ఆడదు."

గోపమ్మ చీపురు పక్కన పెట్టింది. ఈ మాట ఆదివారం నుంచి రోజూ చెబుతూనే ఉంది. పొద్దున చెప్పింది, అన్నం పెడుతూ చెప్పింది, నీళ్లు తోడుతూ చెప్పింది. ఇంకొకసారి చెబితే పోయేదేమీ లేదు.

"ఒక్క మాట అను. కుస్తీ పహిల్వాన్ను తెచ్చి కబడ్డీకి ఉస్తాదును చేసిన, అది నా తప్పు అను. వాళ్ళు అడిగేది గంతే. నీ మిల్లు రాసియ్యమంటలేరు."

"జనగామల ఓడింది ఉస్తాద్ మూలాన కాదు. ముసురు పట్టింది. నేల జారింది."

"ఆ ముసురు జనగామోళ్ళ మీద పడలేదా?"

"రెఫరీ వాళ్ళోడు."

"మొన్న సైదులు మోకాలంటివి. నిన్న నేలంటివి. ఇయ్యాల రెఫరీ. రేపు ఏమంటవో గిప్పుడే చెప్పు, నేను రేపు అడుగుడు తప్పుతది."

ఉప్పలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. జానయ్య తల్లి వైపు చూశాడు.

"నువ్వు నవ్వుతున్నవా?"

"దగ్గు వచ్చింది," అన్నది ఉప్పలమ్మ.

జానయ్య గ్లాసు కింద పెట్టాడు. "చూడు గోపీ. నా మిల్లుల నలభైమంది పని చేస్తరు. ఇయ్యాల ఉస్తాద్ సంగతిల తప్పు చేసిన అంటే, రేపు ఆముదాలు అమ్మెటోడు వచ్చి ధరల తప్పు చేసినవ్ అంటడు. ఎల్లుండి హమాలీలంటరు. మాలిక్ అనేటోడు ఒకసారి తప్పైందంటే ఇగ దినాం అదే పని."

"తప్పు చేసినట్టు ఊరికంతా ఎర్కనే. నువ్వు అనకపోతె లేనట్టైతదా?"

"ఎర్కుండుడు వేరు, నేను అనుడు వేరు."

అని చెప్పులు తొడుక్కుని మిల్లుకు వెళ్లిపోయాడు.

గోపమ్మ మూట లోపల పెట్టింది. పెట్టకపోతే దారిన పోయేవాళ్లు చూస్తారు.

ఎనిమిదేళ్లు జట్టును భిక్షమే తయారు చేశాడు. పొద్దున్నే పిల్లలను రైలు పట్టాల పక్కన నిలబెట్టేవాడు. ఒక టెలిగ్రాఫ్ స్తంభం దగ్గర కూత మొదలుపెట్టి, ఊపిరి తెగేదాకా పరుగెత్తాలి. కూతకు వెళ్లే సైదులు మూడు స్తంభాలు దాటేవాడు. రాములు రెండున్నర. కొత్తగా వచ్చినవాడు ఒక స్తంభం దాటలేకపోతే భిక్షం వాడిని తిట్టేవాడు కాదు, తను వాడి పక్కన పరుగెత్తేవాడు.

నాగుల పంచమికి భువనగిరిలో కుస్తీలు జరిగాయి. సికింద్రాబాద్ కుస్తీ తాలీంనుంచి వచ్చిన గాలయ్య పహిల్వాన్ తనకన్నా చిన్నవాళ్లను ముగ్గురిని పడగొట్టాడు. జానయ్య వేదిక దిగి వెళ్లి శాలువా కప్పి, జనం వింటుండగా అన్నాడు: ఈయన ఇయ్యాల్టినుంచి మా జట్టుకు ఉస్తాద్. పక్కనే నిలబడ్డ భిక్షానికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. బండిలో తిరిగి వచ్చేటప్పుడు జానయ్య అతనితో అన్న మాట ఒక్కటే: నువ్వు పిల్లల తిండి సంగతి చూసుకో.

తిండి సంగతి చూసుకున్నది గోపమ్మ. తొమ్మిదిమందికి బాదం నూరింది. పాలు కాచింది. నెయ్యి కరిగించింది. గాలయ్య మిల్లు వెనక మట్టి తవ్వించి కుస్తీ గోదా చేయించాడు. దండీలు, బస్కీలు, పట్లు నేర్పాడు. పరుగు మానిపించాడు. పిల్లల మెడలు పెరిగాయి, తొడలు పెరిగాయి. జనగామలో సైదులు కూతకు వెళ్లి, గీత దాటి నాలుగడుగులు వేయకముందే ఊపిరి వదిలేశాడు. ముగ్గురు మీద పడ్డారు. మోకాలు మెలి తిరిగింది. పది రోజులు చూసి, ఆదివారం నాడు పిల్లలంతా భిక్షం దగ్గరికి వెళ్లిపోయారు; బావ తప్పు ఒప్పుకునేదాకా ఈ గడప తొక్కనని అతను ఒట్టు పెట్టుకున్నాడు.

పగలు అన్నం వేళకు గాలయ్య వంటింటి వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. రోజూ వచ్చి అక్కడే పీట వేసుకుని కూర్చునేవాడు. ఈ రోజు కూర్చోలేదు. చంకలో పరుపు చుట్ట ఉంది.

"అన్నం వద్దమ్మా. మూడు గంటల పాసింజర్‌కు పోత."

"ఎవరు పొమ్మన్నరు?"

"ఎవరు అనలే. మాలిక్ నిన్నటిసంది నా మొకం చూస్తలేడు. నేను పోవుడే మంచిగుంటది."

గోపమ్మ కంచం చేతిలో పట్టుకునే ఉంది. మూడు నెలలుగా ఈ మనిషిని చూస్తే ఒళ్లు మండేది. ఎంత నూరినా చాలేది కాదు, ఎంత కాచినా మిగిలేది కాదు. కానీ అన్నం వద్దని ఒక మనిషి గడప దగ్గర నిలబడితే కంచం పక్కన పెట్టడానికి చేతులు రాలేదు.

"కూసో," అన్నది. "బండికింక టైమున్నది. తిను. తినుకుంట నాకొక మాట చెప్పు. కబడ్డీ రానోనివి, వస్తదని ఎందుకు చెప్పినవ్?"

గాలయ్య పరుపు చుట్ట కింద పెట్టాడు. పీట లాక్కున్నాడు.

"నేను చెప్పలే అమ్మా."

"మల్ల?"

"శాలువా కప్పిన దినమే పక్కకు పిలిచి చెప్పిన. మాలిక్, నాకు కుస్తీ తప్ప వేరే రాదు, చిన్నప్పుడు గూడ కబడ్డీ ఆడలే అన్న. ఉస్తాద్ అంటె ఉస్తాదే, పిల్లలను గట్టిగ చెయ్యి, మిగిలింది అదే వస్తది అన్నడు."

గోపమ్మ అన్నం వడ్డించడం ఆపింది.

"ఒక్కసారి చెప్పి ఊకున్నవా?"

"దసరా ముందట మల్ల చెప్పిన. పోరగాళ్ళు బరువైతున్నరు, ఊపిరి ఆగుతలేదు, నీ బామ్మర్దిని పిలిపియ్యి, ఆయన పరుగు చూసుకుంటడు, నేను బలం చూసుకుంట అన్న. అంతమంది ముందట కప్పిన శాలువా ఎట్ల గుంజుకుంట అన్నడు. నేను గుంజుకోమనలే అమ్మా. ఇంకొక మనిషిని పెట్టుకోమన్న."

"గట్లైనప్పుడు నువ్వే పోవాల్సింది."

"పోవాల్సింది," అని గాలయ్య ఒప్పుకున్నాడు. "మా తాలీం మూసేసిండ్రు. ఇంట్ల ఐదుగురున్నరు. వయసు యాభై రెండు. ఇంకొక నెల చూద్దాం, ఇంకొక నెల చూద్దాం అనుకున్న. అది నా తప్పు."

ఎంత తేలికగా అనేశాడు. గోపమ్మ అతని వైపు చూసింది. అన్నం కలుపుకుంటున్నాడు. అది నా తప్పు అన్నాక కూడా మనిషి ముద్ద మింగుతున్నాడు, నీళ్లు తాగుతున్నాడు.

"గీ మాట మా తమ్ముని ముందట చెప్తవా?"

"చెప్పనమ్మా."

"ఎందుకు?"

"మూడు నెలలు ఈ ఇంట్ల తిన్న. ఆయన పరువు నా నోటితోని తియ్య."

"నువ్వు ఆయన పరువు కాయ్, ఆయన ఆయన పరువు కాసుకుంటడు. నడుమ నా కొడుకు ఎవరింట్లనో తింటున్నడు."

గాలయ్య తల వంచుకుని తిన్నాడు. కంచం తనే కడిగి పెట్టాడు.

అప్పుడే ముందు తలుపు చప్పుడైంది. జానయ్య ఈ వేళప్పుడు మిల్లు వదిలి రాడు. కాళ్లు కడుక్కుంటూ పెరట్లోంచే పిలిచాడు. గొంతులో హుషారు ఉంది.

"గోపీ, చాయకు పాలున్నయా? పదిమందికి సరిపోవాలె."

"ఎవరొస్తున్నరు?"

"మీ తమ్ముడు, పిల్లలు. సైకిలిచ్చి మనిషిని పంపిన. వస్తమన్నరంట. నలుగురి ముందట మాట్లాడి తెంపుకుందాం అన్న."

గోపమ్మ తువ్వాలు అందిస్తూ భర్త ముఖం చూసింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఈ మనిషి అడిగిన వెంటనే ఇచ్చినవి చాలా ఉన్నాయి. చీరలు ఇచ్చాడు, తమ్ముడికి ఎడ్లు ఇచ్చాడు, గోపమ్మ పుట్టింటి ఊళ్లో బావి తవ్వించాడు. తప్పు నాది అనే ఒక్క మాట మాత్రం ఎప్పుడూ అడగవలసి రాలేదు. అందుకే అది ఇవ్వలేడని తెలియలేదేమో.

"ఏం చెప్తవ్?"

"తప్పు జరిగిందని చెప్త."

"ఎవరి తప్పు?"

జానయ్య తువ్వాలుతో కాళ్లు తుడుచుకున్నాడు. రెండో కాలు కూడా తుడుచుకున్నాడు. తువ్వాలు దండెం మీద వేశాడు. వెనక తలుపు దగ్గర పరుపు చుట్టతో నిలబడ్డ గాలయ్యను చూశాడు.

"ఉస్తాద్, ఈ బండికి పోకు. పొద్దుమీకి ఆరు గంటల బండికి పో. జర పనున్నది," అని ముందు గదిలోకి వెళ్లాడు.

నాలుగు గంటలకు వాళ్లు వచ్చారు. భిక్షం సైకిలు నడిపించుకుంటూ ముందు ఉన్నాడు. వెనక తొమ్మిదిమంది. సైదులు రాములు భుజం మీద చేయి వేసి కుంటుతున్నాడు. రాములు తల్లిని చూసి కళ్లు దించుకున్నాడు. గోపమ్మ గడప లోపల నిలబడింది. మగవాళ్లు పంచాయతీకి కూర్చున్నప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లు గడప దాటరు. ఉప్పలమ్మ ఒక్కతే దాటుతుంది, ఆమెను కాదనేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

భిక్షం సైకిలు గోడకు ఆనించి వీధిలోనే నిలబడ్డాడు.

"ఎక్కు భిక్షం," అన్నది ఉప్పలమ్మ. "అరుగు కరవదు."

"మాట విన్నంక ఎక్కుత అత్తమ్మా."

"వినేటప్పుడు కూసోవచ్చు కద."

"నిలబడితె మంచిగ వినవడతది."

పిల్లల్లో ఎవరో నవ్వారు. జానయ్య కూడా నవ్వాడు. అరుగు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గాలయ్య పరుపు చుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు.

"పెద్ద మాటలు ఏమొద్దు," అని జానయ్య మొదలుపెట్టాడు. "తప్పు జరిగింది. జనగామల మన పరువు పోయింది. పిల్లలకు దెబ్బలు తాకినయ్. నేను కాదంటలేను."

భిక్షం తలెత్తాడు. గోపమ్మ తలుపు రెక్క పట్టుకుంది.

"నేను మనిషిని నమ్మిన," అన్నాడు జానయ్య. "కబడ్డీ వస్తది, నేర్పుత అని చెప్పి వచ్చిండు. నాకేం ఎర్క? నేను మిల్లు నడిపెటోన్ని. నమ్మితె మోసం చేసిండు. ఇయ్యాల తీసేసిన. పొద్దుమీకి బండికి పోతడు. భిక్షం, జట్టు మల్ల నీదే."

సైదులు గాలయ్య వైపు తిరిగాడు. అతనికి ఇరవై రెండేళ్లు. మగ్గం నేసేవాళ్ల ఇంటి పిల్లవాడు. మోకాలు వంగకపోతే గుంట మగ్గంలో కాలు పెట్టలేడు.

"నిజమేనా ఉస్తాద్?"

గాలయ్య జానయ్య వైపు చూశాడు. జానయ్య వీధిలో ఆనించిన సైకిలు వైపు చూస్తున్నాడు.

"నిజమే బేటా," అన్నాడు గాలయ్య. "నాకు రాదు. వస్తదని చెప్పిన."

"ఎందుకు చెప్పినవ్?"

"తిండి కోసం."

"నీ తిండికి నా కాలు పెట్టినవా? పదిహేను రోజులసంది మా బాపు ఒక్కడే నేస్తున్నడు. నా మొకం చూసి చెప్పు."

"మాఫ్ చెయ్యి బేటా."

"గక్కడ నిలబడి గాదు. దిగిరా."

గాలయ్య దిగాడు. ఆ వయసులో, ఆ ఒంటితో వంగడం అతనికి సులువు కాదు. ఒక చేయి అరుగు అంచుకు ఆనించి, రెండో చేయి సైదులు మోకాలి దాకా చాపాడు. సైదులు వెనక్కి జరిగాడు. అంత దూరం వస్తాడని అనుకోలేదు. పిల్లలు నేల చూపులు చూశారు. మూడు నెలలు ఆ మనిషే వాళ్ల ఒళ్లకు నూనె పట్టించాడు.

గోపమ్మ భర్త వీపు వైపు చూస్తున్నది. ఇప్పుడు లేస్తాడు, అనుకుంది. ఇప్పుడైనా లేస్తాడు.

జానయ్య లేచాడు.

"పోనియ్యి సైదులు," అన్నాడు. "పెద్దమనిషి. తప్పు చేసిండు, చేసిన అని ఒప్పుకున్నడు. ఒప్పుకున్నోన్ని ఇంక ఏమనొద్దు. అది మర్యాద గాదు."

ఉప్పలమ్మ కొడుకు వైపు ఒకసారి, కోడలి వైపు ఒకసారి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు.

భిక్షం గొంతు సవరించుకున్నాడు.

"బావా, నాకు ఉస్తాద్ మీద కోపం లేకుండె. నీ మీద ఉండె. ఎనిమిదేండ్లు చేసినోన్ని పక్కకు పెట్టి, రానోన్ని ఎర్కుండి తెచ్చినవ్ అనుకున్న. నిన్ను గూడ మోసం చేసిండంటె ఇగ నేను అనేది ఏముంది. మోసపోయినోనితోని పట్టుదల ఏంది."

"గదే నేననేది," అన్నాడు జానయ్య.

"ఎల్లుండి పొద్దుగాల బండికి పోదాం. సైదులు బదులు రాములు కూతకు పోతడు. రేపంతా ఉరికిస్త."

రాములు తల్లి వైపు చూసి నవ్వాడు. ఐదు రోజులకు నవ్వాడు. పిల్లల్లో ఒకడు, బనీన్లు ఎక్కడున్నయమ్మా, అని అడిగాడు. గాలయ్య పరుపు చుట్ట ఎత్తుకుని, ఎవరికీ అడ్డం కాకుండా గోడ వెంట స్టేషను వైపు నడవడం మొదలుపెట్టాడు.

అయిపోయింది. గోపమ్మ ఏమీ చేయనక్కర్లేదు. లోపలికి వెళ్లి చాయ పోస్తే చాలు. తమ్ముడు ఇంట్లోకి వస్తాడు, కొడుకు ఈ పూట ఇక్కడే తింటాడు, షీల్డు గోడ మీద ఉంటుంది. వచ్చే సంవత్సరం ఈ మనిషి ఇంకెవరికో శాలువా కప్పుతాడు, అప్పుడు కూడా తప్పు శాలువా కప్పించుకున్నవాడిదే అవుతుంది.

భిక్షం చెప్పులు విడిచాడు. కుడి కాలు అరుగు మొదటి మెట్టు మీద పెట్టాడు.

గోపమ్మ గడప దాటి బయటికి వచ్చింది.

"లోపలికి పో," అన్నాడు జానయ్య, గొంతు పెంచకుండా. "చాయ తే."

"ఉస్తాద్," అని గోపమ్మ వీధిలోకి పిలిచింది. "జర ఆగు."

గాలయ్య ఆగాడు. వెనక్కి తిరగలేదు.

జానయ్య రెండడుగులు వేసి ఆమెకూ మెట్టుకూ మధ్య నిలబడ్డాడు. గోపమ్మ అతని పక్కనుంచి తమ్ముడి ముఖం వైపు చూసింది.

"భిక్షం," అన్నది. "కాలు కిందికి తియ్యి."